పొలంలోకి వచ్చిన వేటగాడు: పట్టాదారుకు చట్టం ఇచ్చేది ఏమిటి, ఇవ్వనిది ఏమిటి

మక్కలు కంకి పట్టే రోజుల్లో, యాసంగి పల్లి చేన్లు కాయ ఊరే రోజుల్లో, దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్ చుట్టుపక్కల చెలకల్లో రాత్రిపూట రెండు రకాల చప్పుళ్లు వినిపిస్తాయి. ఒకటి అడవి పందులను తరమడానికి మంచె మీద రైతు కొట్టే డబ్బా చప్పుడు. రెండోది ఆ వేళకు అక్కడ ఉండవలసిన పనిలేని బండి చప్పుడు, కాసేపటికి గెట్ల మీదుగా తిరిగే పెద్ద టార్చి వెలుగు, ఆ తర్వాత ఒక తుపాకి మోత. ఆ రెండో చప్పుడు గురించి తెల్లారి ఊళ్లో మాట్లాడుకునేటప్పుడు సాధారణంగా రెండు అభిప్రాయాలు వినబడతాయి. అడగకుండా మన భూమిలోకి వచ్చారు కాబట్టి తప్పు అని కొందరు అంటే, పందులను కొట్టిపోతే మనకే మేలు కదా, చూసీచూడనట్టు ఉందాం అని మరికొందరు అంటారు. చట్టం దృష్టిలో ఈ రెండూ సరికావు. అడిగి వచ్చినా ఆ వేట నేరమే, పందిని కొట్టిపోయినా చూసీచూడనట్టు ఉన్న రైతు మెడకు అది చుట్టుకోవచ్చు. ఈ రెండు విషయాలూ ఎందుకు అలా ఉన్నాయో అర్థమైతే, వేటగాళ్లు పొలంలోకి వచ్చినప్పుడు ఏం చేయాలన్నది చాలావరకు తేలిపోతుంది.

లైసెన్సు వేట ఎప్పుడు పోయింది

షికారు అనేది ఒకప్పుడు అనుమతితో జరిగిన పని. నల్లమలలోని ఫరహాబాద్ నిజాం పాలకుల షికారుగాహ్‌గా పేరుపొందిన చోటు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తర్వాత కూడా కొంతకాలం పాటు, రుసుము కట్టి లైసెన్సు తీసుకుంటే కొన్ని రకాల జంతువులను వేటాడే వీలు ఆ చట్టంలోనే ఉండేది. 1991 సవరణతో ఆ లైసెన్సు పద్ధతి పూర్తిగా రద్దయింది. ఊళ్లలో పెద్దవయసు వారు ఇప్పటికీ "కాయితం ఉంటే కొట్టుకోవచ్చు" అని అంటుంటారంటే అది ఆ పాతకాలపు జ్ఞాపకమే తప్ప నేటి చట్టం కాదు. ఇప్పుడు సెక్షన్ 9 ప్రకారం, చట్టం చివర ఉన్న రక్షిత జంతువుల జాబితాలైన షెడ్యూల్ 1, షెడ్యూల్ 2లలో ఉన్న ఏ అడవి జంతువునూ ఎవరూ వేటాడకూడదు. 2022 సవరణ తర్వాత ఈ షెడ్యూళ్లను కుదించి సర్దారు గానీ, మన వైపు చేలల్లోకి వచ్చేవాటిలో కృష్ణ జింక, నెమలి, ఎలుగుబంటి, చిరుత, అలుగు మొదటి షెడ్యూలులో ఉన్నాయి. దుప్పి, మనుబోతు (నీల్‌గాయ్), అడవి పంది రెండో దానిలో ఉన్నాయి.

అడవి జంతువు అడవిలో ఉన్నప్పుడే రక్షణ, పట్టా భూమిలోకి వస్తే అది రైతు ఇష్టం అనే అపోహ కూడా బలంగానే ఉంది. చట్టం జంతువును చూస్తుంది తప్ప భూమి పట్టాను చూడదు. సెక్షన్ 39 ప్రకారం వేటాడబడిన జంతువు ప్రభుత్వ ఆస్తి అవుతుంది. అందువల్ల భూమి యజమాని తన పొలంలో వేటకు అనుమతి ఇవ్వడం అంటే తనది కాని దానిని ఇంకొకరికి రాసివ్వడమే. ఆ అనుమతికి విలువ లేకపోవడం ఒక్కటే కాదు, సెక్షన్ 52 కింద నేరానికి తోడ్పడినవాడిని కూడా నేరం చేసినవాడిగానే పరిగణిస్తారు కాబట్టి అది యజమానికే ఎదురు తిరుగుతుంది. అమెరికాలో కొన్ని రాష్ట్రాల్లో చెట్లకు ఊదారంగు పూస్తే ప్రవేశం లేదని అర్థమని, యజమాని రాతపూర్వక అనుమతి ఉంటే సీజనులో వేటాడవచ్చని ఇంటర్నెట్‌లో దొరికే సలహాలను మన దగ్గర ఫామ్‌హౌస్‌లు కొనుక్కున్న కొందరు నమ్మి చెబుతుంటారు. అక్కడ వేట చట్టబద్ధం కాబట్టి యజమాని అనుమతి చుట్టూ అన్నీ తిరుగుతాయి. మన దగ్గర తిరగవు.

వేట అనే మాటకు చట్టంలో ఉన్న పరిధి కూడా చాలా పెద్దది. చంపడం, విషం పెట్టడం, పట్టుకోవడం, కుక్కలతో తరమడం, ఉచ్చు వేయడం, ఎర పెట్టడం, వీటిలో దేనికైనా ప్రయత్నించడం కూడా వేటే. తుపాకి పేలకపోయినా, జంతువు దొరక్కపోయినా, గెట్టు వెంట వల పన్నుతున్న మనిషి అప్పటికే ఆ పరిధిలోకి వచ్చేశాడు. కొన్ని ఎయిర్‌గన్‌లకు లైసెన్సు అవసరం లేకపోవడం నిజమే అయినా, దానితో కుందేలును కొట్టినా నెమలిని కొట్టినా వేట నేరం అలాగే ఉంటుంది.

అక్రమ ప్రవేశం ఎప్పుడు నేరమవుతుంది

ఒకరి స్వాధీనంలో ఉన్న భూమిలోకి ఊరికే అడుగు పెట్టినంత మాత్రాన క్రిమినల్ కేసు కాదు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 329 దీని గురించి చెబుతుంది. నేరం చేయాలనే ఉద్దేశంతో గానీ, భూమిపై ఉన్న వ్యక్తిని బెదిరించాలని, అవమానించాలని, వేధించాలని గానీ ప్రవేశిస్తేనే అది నేరపూరిత అక్రమ ప్రవేశం. పాత శిక్షాస్మృతిలో 447 కింద పెట్టిన కేసులే ఇప్పుడు 329(3) కిందకి వస్తాయి. శిక్ష మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

మామూలుగా ఈ ఉద్దేశాన్ని నిరూపించడం దగ్గరే రైతులు పెట్టే కేసులు వీగిపోతుంటాయి. దారి తప్పి వచ్చామని, బర్రెను వెతుక్కుంటూ వచ్చామని ఎదుటివారు చెబితే కాదనడానికి ఆధారం ఉండదు. వేటగాళ్ల విషయంలో మాత్రం ఇది తిరగబడుతుంది. వేట స్వయంగా నేరం కాబట్టి, వేట సామాను చేతిలో ఉందని చూపగలిగితే నేరం చేసే ఉద్దేశంతోనే వచ్చాడనడానికి వేరే సాక్ష్యం పెద్దగా అక్కరలేదు. కాబట్టి ఫిర్యాదులో "మా పొలంలోకి వచ్చారు" అని ఒక్క ముక్క రాసి ఊరుకోవడం కంటే, వేట కోసం వచ్చారని, ఏం పట్టుకుని వచ్చారని, ఏం చేశారని రాయడం ముఖ్యం. మొదటి మాట మీద పోలీసులు దానిని గెట్టు తగాదాగా తీసుకునే అవకాశం ఉంది. రెండో మాట మీద అలా తీసుకోలేరు.

ఇక్కడ కౌలు రైతులు గమనించవలసిన సంగతి ఒకటుంది. ఈ సెక్షన్ అడిగేది స్వాధీనం ఎవరిదని, పట్టా ఎవరి పేరున ఉందని కాదు. నల్లగొండలోనూ పాలమూరులోనూ హైదరాబాద్‌లో ఉండే పట్టాదారు భూమిని నోటిమాట కౌలుకు చేస్తున్నవారు చాలామంది. పాసుపుస్తకం తమ పేరున లేదు కాబట్టి ఠాణాకు వెళ్లే హక్కు తమకు లేదని వారు వెనుకాడుతుంటారు. చేను వేసి కాపలా కాస్తున్న కౌలుదారు తన స్వాధీనంలోని భూమిలోకి జరిగిన అక్రమ ప్రవేశంపై స్వయంగా ఫిర్యాదు చేయవచ్చు. వేట సంగతి అయితే ఆ మాత్రం స్వాధీనం కూడా అవసరం లేదు, దారిన పోయే మనిషి కూడా సమాచారం ఇవ్వవచ్చు.

బండ్ల బాట మరో చిక్కు. నక్షాలో ఉన్న దారి మీద నిలబడ్డవాడు మీ భూమిలోకి రానట్టే లెక్క. కానీ ఆ దారి మీద నుంచి చేనులోకి కాల్చినా, పడిన జంతువు కోసం గెట్టు దిగినా సంగతి వేరు. గెట్టు దిగిన క్షణం నుంచి అక్రమ ప్రవేశం కూడా తోడవుతుంది, వేట నేరం ఎటూ కాల్చినప్పటి నుంచే ఉంది.

పందిని కొట్టేవాడు మిత్రుడేనా

అసలు చిక్కుముడి ఇక్కడే ఉంది. పందుల మంద ఒక్క రాత్రి పల్లి చేనులో పడితే తెల్లారేసరికి సాళ్లన్నీ దున్నినట్టు తిరగబడి ఉంటాయి, కాయ మిగలదు. అలాంటి రైతుకు తుపాకి ఉన్న మనిషి ఆపద్బాంధవుడిలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. అందుకే చాలాచోట్ల వేటగాళ్లు పిలవకుండా వచ్చినవారు కారు, ఎవరో ఒకరు ఫోన్ చేస్తే వచ్చినవారే. ఒకరి పొలానికి పిలిపించుకున్న మనుషులు రెండో పొలంలోకి, మూడో పొలంలోకి పోతారు, అక్కడి రైతుకు వారు చొరబాటుదారులు. ఊళ్లో ఈ విషయం మీద గొడవలు పడేది చాలావరకు ఇందుకే.

పంట కోసం జంతువును చంపడానికి చట్టంలో దారి లేకపోలేదు. వన్యప్రాణి చట్టం సెక్షన్ 11(1)(బి) ప్రకారం, షెడ్యూల్ 2లోని జంతువు మనుషుల ప్రాణానికి గానీ, నిలిచి ఉన్న పంటతో సహా ఆస్తికి గానీ ప్రమాదకరంగా మారిందని తృప్తి చెందితే, ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారి లేదా ఆయన అధికారమిచ్చిన అధికారి కారణాలు చూపుతూ రాతపూర్వక ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆ ఉత్తర్వులో ఏ ప్రాంతమో, ఏ జంతువో, ఎవరు చంపాలో ఉంటుంది. అది లేకుండా "పర్మిషన్ ఉంది" అని వచ్చే మనిషి మాట నమ్మకూడదు. కాగితం చూపమని అడగడం, దానిలో మీ ఊరి పేరు, గడువు, ఆ మనిషి పేరు ఉన్నాయో లేదో చూడడం రైతు చేయగలిగిన అతి సులువైన పని. ఇంకో దారి సెక్షన్ 62. కేంద్ర ప్రభుత్వం ఒక జంతువును ఒక ప్రాంతంలో కొంతకాలానికి హానికర జంతువుగా ప్రకటిస్తే దానికి వేట నిషేధం ఆ మేరకు వర్తించదు. 2015-16లో బీహార్‌లో మనుబోతు, అడవి పంది విషయంలో, ఉత్తరాఖండ్‌లో అడవి పంది విషయంలో, హిమాచల్ ప్రదేశ్‌లో కోతుల విషయంలో ఇలా ప్రకటించారు. అక్కడ చంపుతున్నారు కదా అని ఇక్కడ చంపడానికి ఆ ప్రకటనలు పనికిరావు.

కృష్ణ జింక విషయంలో ఈ దారి కూడా లేదు. నారాయణపేట జిల్లాలో కృష్ణా, మాగనూరు మండలాల రైతులు దశాబ్దానికి పైగా పడుతున్న బాధ చిన్నది కాదు. విత్తిన చేను మొలకెత్తగానే మందలు వచ్చి మేస్తాయి, మళ్లీ విత్తితే మళ్లీ మేస్తాయి. కానీ అది మొదటి షెడ్యూలు జంతువు. మనుషుల ప్రాణానికి ప్రమాదమైతేనో, బతకలేనంతగా జబ్బు చేస్తేనో తప్ప దానిని చంపడానికి ఎవరూ అనుమతి ఇవ్వలేరు, అప్పుడు కూడా పట్టి తరలించడం సాధ్యం కాదని ముందు తేలాలి. పంట నష్టం ఆ కారణాల్లో లేదు. ఆ రైతులకు చట్టం మిగిల్చింది పరిహారం కోసం అర్జీ, జింకలను పట్టి అడవికి తరలించమనే డిమాండు మాత్రమే. ఇది న్యాయమేనా అని అడిగితే నాకూ సందేహమే. కానీ ఆ కోపాన్ని చూసి వచ్చే వేటగాడు రైతు పక్షాన రాలేదు, మాంసం కోసం వచ్చాడు. అతను చంపినది కృష్ణ జింక అయితే శిక్ష మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయలకు తగ్గకుండా జరిమానా. పిలిపించిన రైతు మీద కూడా అదే కేసు పడుతుంది.

1998లో రాజస్థాన్‌లోని కంకాణీ దగ్గర కృష్ణ జింకలను వేటాడిన కేసును బతికించినది, జంతువుల రక్షణను మతధర్మంగా పాటించే ఆ ఊరి బిష్ణోయీల సాక్ష్యం. 2018 ఏప్రిల్‌లో జోధ్‌పూర్ కోర్టు సల్మాన్ ఖాన్‌కు ఐదేళ్ల శిక్ష వేయడానికి దాదాపు ఇరవై ఏళ్లు పట్టింది. సాక్షి నిలబడితే కేసు నిలబడుతుందనేది ఎంత నిజమో, అలా నిలబడడం ఎంత కష్టమో కూడా ఆ కేసే చెబుతుంది.

వేటగాళ్ల గురించి మాట్లాడేటప్పుడు నల్లమల అంచు ఊళ్లలో అనుమానం తొందరగా చెంచుల మీదకు పోతుంది. అటవీ హక్కుల చట్టం 2006 వారికి అటవీ ఉత్పత్తుల మీదా నివాసం మీదా హక్కులు ఇచ్చింది, సంప్రదాయ వేటను మాత్రం ఆ హక్కుల నుంచి మినహాయించింది. అంటే వేట విషయంలో చట్టం వారికి ప్రత్యేకంగా ఏ వెసులుబాటూ ఇవ్వలేదు. కానీ పెద్ద బండి, సెర్చ్‌లైటు, ఐస్‌పెట్టె వేసుకుని నగరం నుంచి శ్రీశైలం రోడ్డు మీదా సాగర్ రోడ్డు మీదా వచ్చే ముఠాకూ, ఉడుము కోసం తిరిగే పేదవాడికీ తేడా తెలియనట్టు ఫిర్యాదు రాయడం అన్యాయం. చూసింది రాయాలి, అనుకున్నది కాదు.

తీగ ఎవరు వేసినా ముందు ప్రశ్న పట్టాదారుకే

తుపాకి కంటే ఎక్కువగా మన ప్రాంతంలో ప్రాణాలు తీస్తున్నది కరెంటు తీగ. అడవి జంతువుల కోసం వేసిన తీగ తగిలి తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వెళ్లిన రైతులు చనిపోయిన వార్తలు ఏటా వస్తూనే ఉన్నాయి. ఇలాంటి మరణాల్లో పోలీసులు నిర్లక్ష్యం దగ్గర ఆగకుండా, హత్య కిందికి రాని నేరపూరిత నరహత్యకు సంబంధించిన న్యాయ సంహిత సెక్షన్ 105 కింద కూడా కేసు పెట్టవచ్చు. లైను నుంచి దొంగతనంగా కరెంటు తీసినందుకు విద్యుత్ చట్టం 2003లోని సెక్షన్ 135 వేరే ఉంటుంది. తీగ మీ చేనులో దొరికినప్పుడు మొదట పిలిచేది మిమ్మల్నే. ఎవరో వేటగాడు వేసి పోయాడని తర్వాత చెప్పుకోవాలంటే, అంతకుముందే మీరు చూసి చెప్పిన దాఖలా ఒకటి ఉండాలి.

ఉచ్చులు కంటికి అంత తొందరగా ఆనవు. జంతువులు రోజూ నడిచే చోట గడ్డి పక్కలకు వాలి సన్నని బాట ఏర్పడుతుంది. ఆ బాట కంచె కిందుగా దూరే సందు దగ్గర, మోటార్‌సైకిల్ క్లచ్ తీగతో చేసిన ఉచ్చు ముళ్లకంప కొమ్మల రంగులో కలిసిపోయి ఉంటుంది. దాని రెండో కొన ఒక మేకుకో చెట్టు మొదలుకో కట్టి ఉంటుంది. కంచె కంప ఒకేచోట అటూ ఇటూ కొత్తగా పేర్చి, మధ్యలో మాత్రం దారి వదిలినట్టు కనిపిస్తే అక్కడ ఆగి చూడాలి. మోకాలి కంటే తక్కువ ఎత్తులో కర్రలకు కట్టిన సన్నటి బైండింగ్ తీగ కనిపిస్తే దగ్గరకు పోకుండా ముందు స్టార్టరు ఆపి, ఆపై లైన్‌మన్‌కు చెప్పి లైను ఆపించాలి. ఉచ్చునైనా తీగనైనా కోపంతో మీరే పీకి పారేస్తే ప్రమాదం పోతుంది గానీ సాక్ష్యం కూడా పోతుంది. పిల్లలో పశువులో తిరిగే చోటైతే కాపలా పెట్టి, ఫోటో తీసి, అటవీ శాఖ బీట్ ఆఫీసర్ వచ్చేదాకా ఆగడం మేలు.

రాత్రి ఎదురుపడితే

ఎదురు వెళ్లకూడదు. దీనికి రెండు కారణాలు ఉన్నాయి. చీకట్లో కదిలే దానిమీద కాల్చడానికే వచ్చినవాడి ముందు చీకట్లో కదలడం మొదటి ప్రమాదం. రెండోది చట్టం. ఆస్తిని కాపాడుకోవడానికి బలప్రయోగం చేసే హక్కు న్యాయ సంహితలో ఉంది, అక్రమ ప్రవేశానికి కూడా అది వర్తిస్తుంది. కానీ అవసరమైనంత మేరకే వర్తిస్తుంది, పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉన్నప్పుడు వర్తించదు. ఆస్తి కోసం ప్రాణం తీసేదాకా వెళ్లే హక్కు సెక్షన్ 41లో చెప్పిన దోపిడీ, రాత్రివేళ ఇల్లు పగలగొట్టడం వంటి కొన్ని సందర్భాలకే పరిమితం. బయలు చేనులో కుందేలు వేటకు వచ్చిన మనిషిని గొడ్డలితో కొట్టి ఆత్మరక్షణ అంటే నిలవదు. మీ ప్రాణానికే ముప్పు వచ్చినప్పటి సంగతి వేరు. కానీ ఆ స్థితిని మీరే పోయి తెచ్చుకోకూడదు.

పట్టుకుని కట్టేయడం మన ఊళ్ల అలవాటు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 40 సాధారణ పౌరుడికి కూడా అరెస్టు చేసే అధికారం ఇస్తుంది, అయితే తన కళ్లెదుట నాన్‌బెయిలబుల్, కాగ్నిజబుల్ (పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయగల) నేరం జరిగినప్పుడే. పట్టుకున్న మనిషిని ఆలస్యం చేయకుండా, ఎట్టి పరిస్థితుల్లోనూ ఆరు గంటల్లోపు, పోలీసులకు అప్పగించాలి. అక్రమ ప్రవేశం ఒక్కటే అయితే అది బెయిలు దొరికే నేరం, దానికి ఈ అధికారం రాదు. పట్టుకున్నవాడిని కొట్టినా, తెల్లారేదాకా చెట్టుకు కట్టినా, బండి తాళాలు లాక్కుని డబ్బు అడిగినా, అప్పటిదాకా ఫిర్యాదుదారుగా ఉన్న రైతు నిందితుడవుతాడు. చేయగలిగింది 112కు ఫోన్ చేయడం, బండి నంబరు చూడగలిగితే చూడడం, ఎన్ని మోతలు వినిపించాయో, వెలుగు ఏ సర్వే నంబరు వైపు నుంచి ఏ వైపుకు పోయిందో గుర్తుపెట్టుకోవడం. లొకేషన్ పంపితే పెట్రోలింగ్ బండికి చెలకల్లో దారి దొరుకుతుంది, లేకుంటే వారు ఊరి గుడి దగ్గరే ఆగిపోతారు.

తెల్లారి చేనులో

తుపాకి మోగిన చేను తెల్లవారేసరికి చాలా సంగతులు చెబుతుంది. ఎర్రమట్టి మీద టైరు గుర్తు, గెట్టు మీద ఖాళీ తూటా, ఆకుల మీద ఎండిన రక్తపు చుక్కలు, బరువైనదేదో ఈడ్చిన జాడ. కొన్నిసార్లు ఒరం మీద పేగులు, తల అక్కడే వదిలి మాంసం మాత్రం పట్టుకుపోతారు. వీటి మీద నడవకుండా, ఏదీ ముట్టకుండా, దూరం నుంచీ దగ్గర నుంచీ ఫోటోలు తీసి, గాలికి పోయే వాటి మీద తట్ట బోర్లించి ఉంచాలి. చచ్చిన జంతువును పూడ్చిపెట్టడం, వాసన వస్తుందని తగలబెట్టడం, మిగిలిన మాంసం ఇంటికి తెచ్చుకోవడం పొరపాటున కూడా చేయకూడదు. వన్యప్రాణి చట్టం సెక్షన్ 39 ప్రకారం అలాంటిది ఏ విధంగా చేతికి వచ్చినా 48 గంటల్లో దగ్గరి ఠాణాకో అధీకృత అధికారికో తెలియజేయాలి. సెక్షన్ 57 ప్రకారం అడవి జంతువు మాంసం, తోలు, కొమ్ములు ఒకరి స్వాధీనంలో ఉన్నాయని రుజువైతే, అవి అక్రమంగానే ఉన్నాయని కోర్టు ముందుగా భావిస్తుంది, కాదని నిరూపించుకోవలసింది ఆ మనిషే. వేటగాళ్లు మీ పాకలో దాచి పోయిన మూట విషయంలో మీరు మౌనంగా ఉంటే ఆ భారం మీ మీద పడుతుంది.

మాంసం ఏ జంతువుదో తేల్చలేరనే ధీమా కూడా ఇప్పుడు చెల్లదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ కేంద్రం డీఎన్ఏ ఆధారంగా జాతిని గుర్తిస్తుంది. వండిన మాంసం నుంచి కూడా చాలా సందర్భాల్లో తేలుతుంది. చీకట్లో పడినది దుప్పియా, కృష్ణ జింకా అన్నదాని మీదే శిక్ష ఆధారపడి ఉంటుంది కాబట్టి, చేనులో మిగిలిన చిన్న ముక్క కూడా విలువైనదే.

ఫోన్ వీడియో, సీసీ కెమెరా దృశ్యాలు పనికివస్తాయి. అయితే పాత సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం వాటితో పాటు ధ్రువపత్రం ఇవ్వాలి. అందువల్ల అసలు ఫోను, మెమొరీ కార్డు జాగ్రత్త చేయాలి. వాట్సాప్ గ్రూపులో పెట్టిన కాపీ ఒక్కటే మిగిలితే దానిమీద ఎదుటి లాయరుకు ప్రశ్నలు ఎక్కువ.

రెండు తలుపులు

పోలీసు ఠాణా ఒక తలుపు, అటవీ శాఖ రెండోది. రెండింటికీ రాతపూర్వకంగా ఇవ్వాలి. అక్రమ ప్రవేశం, లైసెన్సు లేని తుపాకి, నాటు బాంబులు, బెదిరింపు ఇవన్నీ పోలీసుల పరిధి. వేట నేరంలో అటవీ అధికారి గానీ ఎస్సై స్థాయికి తగ్గని పోలీసు అధికారి గానీ తనిఖీ చేసి స్వాధీనం చేసుకోవచ్చు. వాడిన బండి, ఆయుధం ప్రభుత్వపరం కావచ్చు, వచ్చినవారు అన్నిటికంటే ఎక్కువగా భయపడేది దీనికే. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్ల మేర నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో విస్తరించి ఉంది కాబట్టి, ఆ అంచు ఊళ్లలో అటవీ సిబ్బందిని అందుకోవడం కొంత సులువు. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు లైసెన్సు తుపాకి ఉన్నవారు ఆ వివరం అటవీ శాఖ దగ్గర నమోదు చేసుకోవాలన్న నిబంధన కూడా ఉంది, ఫిర్యాదులో దానిని ప్రస్తావించవచ్చు. మైదానపు మండలాల్లో బీట్ ఆఫీసర్ ఎవరో కూడా చాలామంది రైతులకు తెలియదు. ఆ నంబరు ముందే సంపాదించి పెట్టుకోవడం కాపలాదారు టార్చి కంటే ఎక్కువ పని చేస్తుందని నా అభిప్రాయం.

ఆ తర్వాత వచ్చేది పెద్దమనుషుల పంచాయితీ. వచ్చినవారు పక్క ఊరివారైతే, ఎవరో బంధువు మధ్యలోకి వచ్చి, ఇంత డబ్బు ఇస్తారు, వదిలేయమంటారు. అక్రమ ప్రవేశం వరకు భూమి స్వాధీనంలో ఉన్న మనిషి రాజీ పడే వీలు చట్టంలోనే ఉంది. వేట కేసు మాత్రం రైతు వదిలేస్తే పోయేది కాదు, దానిలో నష్టపోయినది ప్రభుత్వం. మొదటి షెడ్యూలు జంతువు అయితే అధికారులు కూడా రాజీ కుదుర్చుకోలేరు. ఈ తేడా తెలియక, డబ్బు తీసుకుని కేసు అయిపోయిందనుకున్న రైతు, తర్వాత అటవీ శాఖ నోటీసు వస్తే ఆ డబ్బుకు లెక్క చెప్పలేక ఇబ్బంది పడతాడు.

ఠాణాలో ఫిర్యాదు తీసుకోకపోతే దానిని పోస్టులో ఎస్పీకి పంపవచ్చు. తమ పరిధి కాదనడానికి కూడా వీల్లేదు, ఏ ఠాణాలోనైనా సమాచారం నమోదు చేయాలని నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 173 చెబుతోంది. అటవీ శాఖ కదలకపోతే, వన్యప్రాణి చట్టం సెక్షన్ 55 ఒక సామాన్యుడికి కూడా అవకాశం ఇస్తుంది. అరవై రోజులకు తగ్గకుండా ముందస్తు నోటీసు ఇచ్చి, ఆ తర్వాత నేరుగా కోర్టులో ఫిర్యాదు వేయవచ్చు. ఆ నోటీసు అందిన తర్వాత చాలాసార్లు ఫైలు తనంతట తానే కదులుతుంది.

వేటగాడిని పిలవవలసిన అవసరమే తగ్గించుకోవడం వేరే పని, దానికి దారులు కొంతవరకు ఉన్నాయి. రాజేంద్రనగర్‌లోని ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పంటలకు నష్టం చేసే జంతువులు, పక్షుల మీద ప్రత్యేకంగా పనిచేసే విభాగం ఉంది. పల్లి చుట్టూ కుసుమ వరుసలు, మక్క చుట్టూ ఆముదం వరుసలు వేయడం వంటి పద్ధతులు అక్కడివారు చెబుతుంటారు. కుసుమ ముళ్లకు పందులు వెనకాడతాయి. సోలార్ కంచె తెగి తెగి వచ్చే చిన్న షాకు ఇస్తుంది తప్ప లైను కరెంటులా పట్టి ఉంచదు, కాబట్టి జంతువూ మనిషీ ఇద్దరూ బతుకుతారు. హైదరాబాద్‌లో ఉండి ఇక్కడ ఫామ్‌హౌస్ నడిపేవారికి మాత్రం కంచె కంటే ముందు చూడవలసింది కాపలాదారు సంగతి. రాత్రి గేటు దగ్గర తుపాకితో నిలబడ్డవారికి "మా సారును అడగండి" అని చెప్పి, వారి ముందే యజమానికి ఫోన్ చేయగల ధైర్యం ఆ మనిషికి ఉండాలంటే, చేసినప్పుడు అటువైపు ఫోన్ ఎత్తేవారు ఉండాలి.